అంగలతో సరస్సులను కొలిచిన బడిపంతులు
(పండిత్ నైన్‌సింగ్ రావత్ జీవితం)

మన సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి, జాషువా గురించి మన సీనియర్లు రాశారు. వారిని గురించి మనకు ఎంతో కొంత తెలుసు. ఈసారి మేము ఒక బడిపంతులు గురించి రాస్తున్నాము. మన పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు కనిపించడం అరుదు. కానీ ఆసియా ఖండం పటంలో ఒక పెద్ద ఖాళీని ఆయన తన కాళ్ళతో పూరించారు. హిమాలయాల వెనుక ఉన్న సరస్సుల గురించి ఎవరు మాట్లాడినా ఆయన నడిచిన దారిని తలచుకోక తప్పదు. ఆయనే పండిత్ నైన్‌సింగ్ రావత్.

పుట్టుక, బాల్యం

నైన్‌సింగ్ 1830 అక్టోబరు 21న కుమావూ కొండలలోని మిలం అనే గ్రామంలో జన్మించారు. ఆ ఊరు నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రం పిథోరాగఢ్ జిల్లాలో, జోహార్ లోయ చివర ఉంది. ఊరికి ఎగువన మిలం హిమానీనదం, అందులో నుంచి పుట్టే గోరీ గంగ. ఊరు దాటి కనుమలెక్కితే టిబెట్. అక్కడి ప్రజలు భోటియాలు. వారు నేడు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అప్పట్లో వారి జీవనం వ్యాపారం. ఇటు నుంచి ధాన్యం, బట్టలు తీసుకెళ్ళి అటు నుంచి ఉప్పు, ఉన్ని తెచ్చుకునేవారు. చలికాలం కింది ఊళ్ళలో, ఎండాకాలం పై ఊళ్ళలో కాపురం.

నైన్‌సింగ్ తండ్రి పేరు అమర్‌సింగ్. ఇంట్లో కలిమి లేదు. చదువు మధ్యలోనే ఆపి తండ్రికి తోడుగా వ్యాపారానికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తిరుగుడులోనే ఆయనకు టిబెటన్ భాష వచ్చింది, టిబెట్ మర్యాదలు తెలిశాయి. బడి ఇవ్వలేకపోయిన చదువును దారి ఇచ్చింది.

1855లో జర్మన్ దేశపు శాస్త్రవేత్తలైన ష్లాగింట్‌వైట్ సోదరులు కుమావూ వచ్చినప్పుడు నైన్‌సింగ్‌ను తోడు తీసుకున్నారు. 1857 వరకు వారితో కలిసి మానససరోవరం, రాక్షసతాల్ సరస్సుల ప్రాంతానికీ, లదాఖ్‌కూ వెళ్ళారు. పరికరాలను దగ్గరగా చూడడం, వాడడం అప్పుడే మొదలైంది. ఆ తరువాత 1858లో స్వగ్రామంలోని ప్రభుత్వ బడికి ఉపాధ్యాయుడయ్యారు. బడిపంతులును ఆ ప్రాంతంలో పండిత్ అంటారు. ఆ పిలుపు ఆయనతో చివరిదాకా ఉండిపోయింది. ఆయన తరువాత ఆ పనిలోకి వచ్చిన వారందరికీ కూడా అదే పేరు వచ్చింది.

సర్వేలో చేరిక

భారతదేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచే మహా సర్వే 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ చేతుల మీదుగా మొదలైంది. అది మన తెలుగు జిల్లాల మీదుగా, హైదరాబాదు మీదుగా ఉత్తరానికి సాగింది. 1860లు వచ్చేసరికి హిమాలయ శిఖరాల ఎత్తులు తెలిశాయి. కానీ శిఖరాల అవతల ఏముందో తెలియదు. టిబెట్ తన తలుపులు విదేశీయులకు మూసివేసింది. తెల్లవారు పోతే వెనక్కు పంపేవారు. వారికి సాయం చేసిన స్థానికులకు ప్రాణాల మీదికి వచ్చేది.

కెప్టెన్ మాంట్‌గోమెరీ అనే సర్వే అధికారికి అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. కొండవాళ్ళ పోలికలు, టిబెట్ భాష, వ్యాపారం పేరుతో రాకపోకలు ఉన్నవారికే కొలత నేర్పితే సరిపోతుందని. కుమావూ విద్యాశాఖ అధికారి మేజర్ స్మిత్ సిఫారసుతో 1863లో నైన్‌సింగ్, ఆయన దాయాది మణిసింగ్ డెహ్రాడూన్ సర్వే కార్యాలయంలో శిక్షణకు చేరారు. అప్పటికి నైన్‌సింగ్ వయసు ముప్పై మూడు.

అంగల లెక్క

ఆ శిక్షణ ఎలా ఉండేదో వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఎక్కుడు అయినా దిగుడు అయినా, చదును అయినా రాళ్ళదారి అయినా ఒకే పొడవు అంగ వేసి నడవాలి. సుమారు 2,000 అంగలకు ఒక మైలు. ఎన్ని అంగలు వేశారో మరచిపోకుండా చేతిలో జపమాల. మామూలు బౌద్ధ జపమాలకు 108 పూసలు. పండితుల మాలకు 100 పూసలే. నూరు అంగలకు ఒక పూస జరపాలి. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు, అంటే అయిదు మైళ్ళు. చూసేవారికి భక్తుడు జపం చేస్తున్నట్టే ఉంటుంది.

చేతితో తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రాల చుట్టకు బదులు కొలతలు రాసుకున్న కాగితాలు ఉండేవి. పవిత్రమైన వస్తువు కనుక సుంకం అధికారులు దానిని విప్పి చూసేవారు కాదు. పెట్టె అడుగున రహస్య అరలో సెక్స్‌టంట్, గవ్వలలో పాదరసం, చేతికర్రలో థర్మామీటరు దాచుకునేవారు. రాత్రిపూట పాదరసాన్ని గిన్నెలో పోస్తే అది కదలని అద్దంలా ఉంటుంది. అందులో నక్షత్రం ప్రతిబింబాన్ని చూసి కోణం కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. ఎత్తు తెలియాలంటే నీళ్ళు మరగబెట్టాలి. సముద్రమట్టంలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పైకి వెళ్ళే కొద్దీ ఇంచుమించు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. లాసా ఎత్తులో సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. మనం ఫిజిక్సులో మార్కుల కోసం చదివిన సూత్రం ఇది. ఆయనకు అది మంచులో, ప్రాణభయంతో చేసిన ప్రయోగం.

ఇంత పనికి జీతం నెలకు పదహారు నుంచి ఇరవై రూపాయలు. పట్టుబడితే ఆదుకునే నాథుడు లేడు.

లాసా ప్రయాణం

1865 జనవరిలో దాయాదులిద్దరూ డెహ్రాడూన్ నుంచి బయలుదేరారు. నేపాల్ మీదుగా టిబెట్‌లో ప్రవేశించడానికి మొదటిసారి వీలు కాలేదు. మణిసింగ్ వేరే దారి పట్టి వెనక్కు వచ్చారు. నైన్‌సింగ్ మాత్రం వేషం మార్చి, మళ్ళీ ప్రయత్నించి, లదాఖీ వర్తకుల బృందంతో కలిసి బ్రహ్మపుత్రా నది వెంబడి తూర్పుగా సాగిపోయారు. ఆ నదిని టిబెట్‌లో సాంగ్‌పో అంటారు. షిగాత్సే, గ్యాంత్సే పట్టణాలు దాటి, యమ్‌డ్రోక్ సరస్సు ఒడ్డున నడిచి 1866 జనవరిలో లాసా చేరారు.

లాసాలో దాదాపు మూడు నెలలు ఉన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది. అప్పుడు ఆయనకు బడిపంతులు విద్యే అన్నం పెట్టింది. అక్కడి నేపాలీ వర్తకులకు మన పద్ధతిలో పద్దులు రాయడం, లెక్కలు కట్టడం నేర్పి పొట్టపోసుకున్నారు. రాత్రులు రహస్యంగా నక్షత్రాలను కొలిచారు. అనుమతి లేకుండా వచ్చిన ఒక చైనీయుని నడివీధిలో తల నరకడం ఆయన కళ్ళారా చూశారు. తాను దొరికితే ఏమవుతుందో దానితో తెలిసిపోయింది. అయినా కొలతలు ఆపలేదు. లాసా అక్షాంశం 29 డిగ్రీల 39 నిమిషాలని ఆయన తేల్చారు. నేటి ఉపగ్రహాల లెక్క కూడా అదే.

తిరుగు ప్రయాణంలో సాంగ్‌పో వెంట మానససరోవరం దాకా వచ్చి 1866లోనే భారతదేశం చేరారు. మొత్తం 1,200 మైళ్ళు. అంటే సుమారు ఇరవై అయిదు లక్షల అంగలు. ప్రతి నూరింటికీ ఒక పూస జరిగింది.

1867లో రెండవసారి పశ్చిమ టిబెట్‌కు వెళ్ళి థోక్ జాలుంగ్ బంగారు గనులను చూసి వచ్చారు. మూడవది అన్నింటికంటే పెద్దది. 1874 జూలైలో లేహ్ నుంచి లామా వేషంలో, గొర్రెల మీద సామాను వేసుకుని బయలుదేరారు. పాంగాంగ్ సరస్సు మీదుగా ఎవరూ కొలవని ఉత్తర పీఠభూమిలోకి ప్రవేశించారు. దారి పొడవునా సరస్సుల వరుస. డాంగ్రా యుమ్ సరస్సును, దాని దక్షిణాన టార్గో మంచుకొండలను పటంలోకి ఎక్కించారు. నామ్‌త్సో ఉత్తరపు ఒడ్డున నడిచారు. నవంబరులో లాసా చేరి, అక్కడ గుర్తుపడతారన్న భయంతో త్వరగా బయటపడి, తవాంగ్‌లో చాలా రోజులు నిర్బంధంలో ఉండి, 1875 మార్చిలో అస్సాంలోని ఉదల్‌గురికి దిగారు.

పాత పటాలు ఏం చెబుతాయి

ఇక్కడ మేము కొంచెం ఆగి మన కాలపు విషయం చెప్పాలి. కొండల మీద సరస్సులు శాశ్వతమని మనం అనుకుంటాం. కాదు. అవి పెరుగుతాయి, తగ్గుతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి, కొత్తవి పుడతాయి. ఒక మనిషి ఆయుష్షులో అది పూర్తిగా కనబడదు. తాత చూసిన సరస్సును మనవడు చూసిన సరస్సుతో పోల్చాలంటే తాత గీసిన పటం ఉండాలి. అది నమ్మదగినదై కూడా ఉండాలి.

యమ్‌డ్రోక్ సరస్సును చూడండి. 1730లలో ఫ్రెంచి పటకర్త దాన్‌విల్ అచ్చువేసిన టిబెట్ పటాలలో ఆ సరస్సు ఉంగరంలా ఉంటుంది. మధ్యలో పెద్ద దీవి, చుట్టూ నీరు. నైన్‌సింగ్ మొదటి ప్రయాణం నాటి నివేదికలోనూ అదే వర్ణన కనిపిస్తుంది. ఆయన బాట పక్కనున్న ఒడ్డును మాత్రమే చూడగలిగారు, మిగతాది విన్నది. నిజానికి మధ్యలో ఉన్నది దీవి కాదు, భూమితో కలిసే ఉన్న ద్వీపకల్పం. తరువాత వచ్చినవారు అది సరిచేశారు. పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి సరస్సు ఆకారం మారిపోయిందని ఎవరైనా అంటే అది పొరపాటు. మారింది సరస్సు కాదు, మన తెలివిడి.

మానససరోవరం కథ దీనికి తారుమారు. మానససరోవరానికీ పక్కనున్న రాక్షసతాల్‌కూ మధ్య గంగా ఛూ అనే కాలువ ఉంది. 1812లో మూర్‌క్రాఫ్ట్ అనే ఇంగ్లీషు పశువైద్యుడు వెళ్ళి వెతికితే సరస్సు నుంచి బయటికి పోయే ప్రవాహమే కనబడలేదు. ఆయన వెంట ఉన్న వృద్ధ పండితుడు మాత్రం కొన్నేళ్ళ క్రితం తాను అక్కడ ఏరు దాటానని పట్టుబట్టాడు. 1846లో హెన్రీ స్ట్రేచీ వెళ్ళేసరికి అక్కడ వంద అడుగుల వెడల్పున, మూడడుగుల లోతున నీరు పారుతోంది. 1907లో స్వెన్ హెడిన్ వెళ్ళేసరికి మళ్ళీ ప్రవాహం లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. వానలు, మంచు ఎక్కువైన ఏళ్ళలో మానససరోవరం నిండి పొర్లుతుంది, తక్కువైన ఏళ్ళలో కాలువ ఎండుతుంది. ఇక్కడ మారింది సరస్సే. పటం మీద ఏ సంవత్సరంలో చూశారో రాయకపోతే ఈ నిజం ఎప్పటికీ తేలేది కాదు. నైన్‌సింగ్ తేదీ వేసి కొలతలు రాసుకున్నారు. ఆయన గొప్పతనం ఆ అలవాటులో ఉంది.

ఆయన తిరిగిన పీఠభూమి ఇప్పుడు ఇంకా వేగంగా మారుతోంది. లోపలి టిబెట్‌లోని చాలా సరస్సులు 1990ల నడుమ నుంచి పెరుగుతూ వచ్చాయి. నామ్‌త్సోకు వాయవ్యంలో ఉన్న సెలింగ్ సరస్సు 1970లలో సుమారు 1,700 చదరపు కిలోమీటర్లు. 2010లలో అది 2,300 దాటి, నామ్‌త్సోను మించిపోయింది. వానలు పెరగడం ముఖ్యకారణం, మంచు కరగడం దానికి తోడు. పశువుల మేత భూములు నీటిలో మునిగాయి. దక్షిణాన ఉన్న యమ్‌డ్రోక్ మాత్రం ఈ శతాబ్దంలో చాలా ఏళ్ళు తగ్గుతూ వచ్చింది. ఒకే ఎండ కింద ఒక సరస్సు ఉబ్బుతుంది, ఇంకొకటి కుంగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం కొత్తగా పుట్టే సరస్సులతో. హిమానీనదం వెనక్కు తగ్గినచోట రాళ్ళు, మట్టి అడ్డుకట్టగా నిలిచి నీరు చేరుతుంది. సిక్కింలోని సౌత్ లోనాక్ సరస్సు 1970లలో చిన్న మడుగు. 2023 నాటికి 160 హెక్టార్లు దాటింది. ఆ ఏడాది అక్టోబరు 3 రాత్రి గట్టు మీది మట్టిచరియ సరస్సులో పడి, నీరు ఎగసి, తీస్తా నదిలో ప్రళయం వచ్చింది. చుంగ్‌తాంగ్ దగ్గరి ఆనకట్ట కొట్టుకుపోయింది, పదులమంది చనిపోయారు. అలాంటి సరస్సులను కనిపెట్టే పని మన దగ్గర కూడా జరుగుతోంది. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సింధు, గంగ, బ్రహ్మపుత్ర పరీవాహక ప్రాంతాల హిమానీనద సరస్సులను ఉపగ్రహ చిత్రాలతో లెక్కించి అట్లాసులు వేసింది. పావు హెక్టారు దాటినవి 28,043 ఉన్నాయని తేల్చింది. నైన్‌సింగ్ జపమాలతో చేసిన పనికి అది కొనసాగింపు.

పేరు లేని పనివాడు

ఇంత చేసిన మనిషి పేరు చాలాకాలం ఎవరికీ తెలియదు. లండన్‌లో ఆయన నివేదికలు అచ్చయినప్పుడు పండిత్ అని మాత్రమే వేశారు. ఆయన భద్రత కోసమే అది అవసరం, నిజమే. ఆయన ప్రయాణాలు ముగిశాకే అసలు పేరు బయటపెట్టారు. 1877లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ తన బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదు, ఆపైన రోహిల్‌ఖండ్‌లో భూమి ఇచ్చింది. ఎండకు, మంచుకు కళ్ళు దెబ్బతిని ప్రయాణాలు మానుకున్నాక ఆయన కొత్తవారికి సర్వే పని నేర్పారు. ఆయన దాయాది కిషన్‌సింగ్ ఆ దారిలోనే పెద్దపేరు తెచ్చుకున్నారు. తరువాత నైన్‌సింగ్ కన్నుమూశారు. 2004లో భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

ఆయన పనికి ఇంకొక వైపు కూడా ఉంది, అది దాచకూడదు. ఆ పటాలు చేయించినది బ్రిటిష్ ప్రభుత్వం. దానికి కావలసినది విజ్ఞానం ఒక్కటే కాదు. 1904లో యంగ్‌హజ్బెండ్ సైన్యం గ్యాంత్సే నుంచి యమ్‌డ్రోక్ ఒడ్డున నడిచి లాసాలో ప్రవేశించింది. 1866లో నైన్‌సింగ్ అంగలు లెక్కపెట్టిన దారి అదే. తనకు ఆశ్రయమిచ్చిన దేశంలోకి ఫిరంగులు వెళ్ళడం ఆయన చూడలేదు. టిబెట్ వైపు నుంచి చూస్తే ఆయన గూఢచారి. ఇటువైపు నుంచి చూస్తే అన్వేషకుడు. పటం ఎవరు గీశారన్నదే కాదు, ఎవరి చేతిలో ఉందన్నది కూడా మనం అడగాలి. ఆ ప్రశ్న అడగగలిగితేనే ఆయన జీవితం మనకు పూర్తిగా అర్థమైనట్టు.

ఆయన ఊరు మిలం కూడా మారిపోయింది. 1962 యుద్ధంతో సరిహద్దు మూతపడి, వ్యాపారం ఆగి, ఊరు చాలావరకు ఖాళీ అయింది. పైనున్న హిమానీనదం వెనక్కు జరుగుతూనే ఉంది.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

మేము ఈ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాది. మా పెద్దల పేరు మీద పటం లేదు, పట్టా లేదు. పీజీలో చేరాక మా ఊరి పాత గ్రామ నక్షా చూసే అవకాశం దొరికింది. మా వాడ పక్కన అందులో కుంట ఉంది. ఇప్పుడు అక్కడ కుంటలో సగం లేదు, మిగతా సగం ఇళ్ళ స్థలాలు. వానాకాలం నీళ్ళు మా ఇళ్ళలోకి ఎందుకు వస్తాయో ఆ కాగితం చూశాకే తెలిసింది. నీళ్ళు దారితప్పి మా వాడకు రావడం లేదు, వాటి పాత ఇంటికే వస్తున్నాయి. ఏనాడో ఎవరో గొలుసు పట్టుకుని సరిగ్గా కొలిచి ఉండకపోతే మా మాటకు సాక్ష్యం ఉండేది కాదు.

అందుకే మనవి. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ చెరువునో, కుంటనో ఒకసారి చుట్టి రండి. మీ అంగ ఎంత పొడవో ముందు కొలుచుకోండి. కట్ట పొడవు ఎన్ని అంగలో, నీరు ఎక్కడిదాకా ఉందో, ఏ వైపు పూడిందో నోటుబుక్కులో గీయండి. పెద్దవాళ్ళను అడిగి పాత ఒడ్డు ఎక్కడో గుర్తుపెట్టండి. మీరు చూసింది, విన్నది విడివిడిగా రాయండి. కింద తేదీ వేసి మీ పేరు రాయండి. నైన్‌సింగ్ తన పేరు రాసుకోలేని కాలంలో పనిచేశారు. మనకు ఆ అడ్డం లేదు.